దేవుళ్ల పేర్లతో ఏలినవాళ్లు: ‘లార్డ్ ఆఫ్ లైట్’ నవల మీద పాఠకుల మాట

గోదావరి_గట్టు
రోజర్ జెలాజ్నీ రాసిన ‘లార్డ్ ఆఫ్ లైట్’ చదవడం నిన్న రాత్రితో పూర్తయింది. 1967లో వచ్చిన ఈ అమెరికన్ సైన్స్ ఫిక్షన్ నవలకు మరుసటి ఏడు హ్యూగో పురస్కారం వచ్చింది. చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. భూమి మీది నుంచి ‘స్టార్ ఆఫ్ ఇండియా’ అనే నౌకలో కొందరు మరో గ్రహానికి వలస వెళతారు. నౌకను నడిపినవాళ్లు యంత్రబలంతోనూ, తమలో తాము పెంచుకున్న అసాధారణ శక్తులతోనూ బ్రహ్మ, విష్ణువు, యముడు, కాళి, అగ్ని అనే పేర్లు పెట్టుకుని స్వర్గం కట్టుకుంటారు. ప్రయాణికులుగా వచ్చినవాళ్ల సంతతి మాత్రం తరతరాలుగా నేల దున్నుకుంటూ, వాళ్లకు మొక్కుకుంటూ బతుకుతుంది. ముసలి ఒంటిలోంచి కొత్త ఒంటిలోకి మనసును మార్చే యంత్రాలు ఆ దేవుళ్ల చేతిలో ఉన్నాయి గనుక పునర్జన్మ అక్కడ ఒక ప్రభుత్వ శాఖలాగా నడుస్తుంది. ఒకప్పుడు వాళ్లలో ఒకడైన సామ్ ఈ ఏర్పాటును కూలదోయాలనుకుని, బుద్ధుడి పేరు మీద పాత బోధలను మళ్లీ జనంలోకి తీసుకువస్తాడు.

నన్ను ఇబ్బంది పెట్టింది ఇక్కడే. తాను బోధిస్తున్నదాని మీద సామ్‌కు నమ్మకం లేదు. దేవుళ్లను పడగొట్టడానికి అది పనికివస్తుందని మాత్రమే అతడు దాన్ని ఎంచుకున్నాడు. అబద్ధం చెప్పి ఏలేవాళ్లను మరో అబద్ధంతో ఎదిరించినవాడిని రచయిత కథానాయకుడిగా నిలబెట్టి, మనచేత జేజేలు కొట్టిస్తాడు. ఆ బోధలు విని ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన భిక్షువుల సంగతేమిటి? వాళ్ల విషయంలో సామ్‌కూ బ్రహ్మకూ తేడా ఎక్కడుంది? ఈ పుస్తకం చదివినవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

నల్లరేగడి
తేడా చాలా ఉంది. బ్రహ్మ చెప్పిన అబద్ధం వల్ల జనం చేతిలో ఉండవలసినది స్వర్గానికి చేరింది. సామ్ బోధ వల్ల అది తిరిగి జనం చేతికి వచ్చే దారి ఏర్పడింది. పైగా సామ్ ఎక్కడా సింహాసనం అడగలేదు. నోటిమాట ఒక్కటే చూసి ఇద్దరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

పాతపుస్తకాల_అంగడి
చర్చ ముందుకు సాగకముందే కొత్తగా చదవబోయేవారికి ఒక మాట చెప్పాలి. ఏడు అధ్యాయాల ఈ నవలలో మొదటి అధ్యాయం కాలక్రమంలో దాదాపు చివరిది. ఓడిపోయిన సామ్‌ను దేవుళ్లు గ్రహం చుట్టూ ఉన్న బంగారు మేఘంలోకి పంపించివేసిన తరువాత, యముడు యంత్రసాయంతో అతడిని తిరిగి ఒంట్లోకి రప్పించే ఘట్టంతో పుస్తకం మొదలవుతుంది. రెండు నుంచి ఆరు వరకూ గతం, ఏడులో మళ్లీ వర్తమానం వస్తాయి. ఈ సంగతి తెలియక సగంలో మానేసినవాళ్లు నాకు తెలుసు. చివరిదాకా చదివి, వెంటనే మొదటి అధ్యాయం మరోసారి తిరగేస్తే యముడి మాటల బరువు అర్థమవుతుంది.

తూరుపుగాలి
గోదావరి_గట్టు గారి ప్రశ్న కంటే ముందు ప్రశ్న ఒకటి ఉందని నాకనిపిస్తుంది. మా ఇంట్లో నాన్నగారు రోజూ తెల్లవారుజామున విష్ణు సహస్రనామం చదువుతారు. ఆ గొంతు వింటూ పెరిగిన నాకు ఈ నవలలో కృష్ణుడిని ఒట్టి విలాసపురుషుడిగా, బ్రహ్మను తన రూపం గురించి నిత్యం దిగులుపడే అధికారిగా చూడటం కష్టంగానే అనిపించింది. రచయితకు ఈ పేర్లు ఎక్కడో దూరాన ఉన్న పురాణంలోని పేర్లు, మనకు ఇవి పూజగదిలోవి. తన సొంత మతంలోని పేర్లతో ఇంత చొరవగా ఈ కథ రాసేవాడా అన్న అనుమానం నాకు పోలేదు. నవల బాగుందన్న మాటను నేను కాదనడం లేదు.

నల్లరేగడి
తూరుపుగాలి గారి బాధను తీసిపారేయలేను. కానీ ఈ నవలలోని పాత్రలు దేవుళ్లు కారు, దేవుళ్ల పేర్లు దొంగిలించిన మనుషులు. ఆ దొంగతనాన్ని నవల మొదటినుంచీ చివరిదాకా ఎత్తిచూపుతూనే ఉంది. ఇక సొంత మతం సంగతికి వస్తే, స్వర్గం మీదికి శవాల సైన్యాన్ని నడిపించే నిర్ఋతి ఎవరో గుర్తుచేసుకోండి. అతడు ఆ నౌకలో వచ్చిన క్రైస్తవ మతగురువే. రచయిత అతడికీ మినహాయింపు ఇవ్వలేదు.

ఈశాన్యం_మూల
నిర్ఋతి మాట వచ్చింది గనుక చెబుతున్నాను. మన అష్టదిక్పాలకులలో నిర్ఋతిది నైరుతి దిక్కు. వేదంలో వినాశానికి అధిదేవత అయిన స్త్రీ ఆమె. స్వర్గాన్ని అంగీకరించని ఒంటరి పాలకుడికి, అదీ దక్షిణాన రాజ్యం ఏర్పరచుకున్నవాడికి, ఆ పేరు పెట్టడం చూస్తే రచయిత పేర్లను గాలివాటుగా ఏరుకోలేదని తెలుస్తుంది. ఇంద్రుడు, అగ్ని, యముడు, కుబేరుడు అందరికీ తెలిసిన పేర్లే. నిర్ఋతిని పట్టుకోవాలంటే మాత్రం కొంత లోపలికి వెళ్లి చదివి ఉండాలి. గౌరవంతో చదివాడా, అవసరానికి చదివాడా అన్నది మరో విషయం.

మైత్రి_కృష్ణలంక
గోదావరి_గట్టు గారూ, మీ ప్రశ్నకు జవాబు నవల మూడో అధ్యాయంలోనే ఉంది, ఆ జవాబు పేరు రిల్డ్.

బుద్ధుడిని చంపిరమ్మని కాళి పంపిన హంతకుడు రిల్డ్. నడుముకు ఎర్రని ఉరితాడు చుట్టుకుని వచ్చినవాడు, పని చేయకముందే జ్వరంతో పడిపోతాడు. ఎవరిని చంపడానికి వచ్చాడో ఆ మనుషులే అతడికి సేవలు చేసి బతికిస్తారు. కోలుకున్నాక అతడు వెళ్లిపోడు. సామ్ చెప్పే మాటలు వింటాడు, ఆలోచిస్తాడు, సాధన చేస్తాడు. సామ్ ఆయుధంగా ప్రయోగించిన బోధను రిల్డ్ జీవితంగా తీసుకుంటాడు, చివరికి నిజంగా జ్ఞానోదయం పొందుతాడు. ఆ తరువాత సామ్ కోసం యముడే స్వయంగా వచ్చినప్పుడు, తాను గెలవలేనని తెలిసి కూడా దారికి అడ్డంగా నిలబడి ప్రాణం వదులుతాడు. రిల్డ్ నిజమైనవాడని సామ్ యముడి ముందు ఒప్పుకుంటాడు.

రచయిత సామ్‌ను వెనకేసుకు వచ్చాడని మీరన్నారు. వెనకేసుకు రావాలనుకుంటే ఈ అధ్యాయం రాయవలసిన అవసరమే లేదు. నమ్మకం లేనివాడి నోట వచ్చినంత మాత్రాన ఆ మాటలు చెల్లకుండా పోవని, వినేవాడి చిత్తశుద్ధి చెప్పేవాడి చిత్తశుద్ధిని దాటి వెళ్లగలదని రచయిత ఒక హంతకుడి ద్వారా చూపించాడు. అదే సమయంలో, సామ్ ఎన్నటికీ అందుకోలేని స్థితిని అతడి శిష్యుడు అందుకున్నాడని కూడా చూపించాడు. నాయకుడి మీద ఇంతకంటే కఠినమైన తీర్పు ఉంటుందని నేననుకోను.

గోదావరి_గట్టు
మైత్రి గారూ, రిల్డ్ ఘట్టం నాకూ నవలలో అన్నిటికంటే ఇష్టమైనదే. కానీ రిల్డ్‌కు మేలు జరిగిందన్న కారణంతో సామ్ చేసిన మోసం మోసం కాకుండా పోతుందా? జ్ఞానోదయం పొందిన రిల్డ్ చివరికి ఎవరికోసం చనిపోయాడు? తన గురువు నిజమైనవాడు కాదని తెలిసి కూడా ఆ గురువుకు కాపలాగా నిలబడి చనిపోయాడు. దానివల్ల లాభపడినవాడు సామ్.

రికార్డురూము
నేను ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు చూసినవాడిని. ఈ నవలలో నన్ను భయపెట్టింది యుద్ధాలు కాదు, కర్మాధిపతుల కార్యాలయం. కొత్త శరీరం కావలసినవాడు అక్కడికి వెళ్లి తన మనసును యంత్రం ముందు విప్పి పెట్టాలి. అతడు గత జన్మలో ఏమి చేశాడు, ఎన్నిసార్లు మొక్కుకున్నాడు, దేవుళ్ల గురించి మనసులో ఏమనుకున్నాడు అన్నదంతా లెక్కలోకి వస్తుంది. విధేయుడికి యౌవనం దక్కుతుంది. నచ్చనివాడికి రోగిష్టి శరీరమో, జంతువు శరీరమో ఇస్తారు. స్వర్గపు గ్రంథాలయాన్ని చూసుకున్న తక్‌ను కోతిని చేశారు, గుర్తుందా? వీధిలో వరుసగా నిలబెట్టిన ప్రార్థనా యంత్రాలలో నాణెం వేస్తే పుణ్యం ఖాతాలో పడుతుంది.

జెలాజ్నీ ఈ నవల రాసే రోజుల్లో అమెరికా ప్రభుత్వ సాంఘిక భద్రతా సంస్థలో ఉద్యోగి. పౌరుడి పేరు మీద ఒక ఖాతా, ఆ ఖాతా మీద ఒక నిర్ణయం, ఆ నిర్ణయం మీద అతడి ముసలితనం ఆధారపడే ఏర్పాటును రోజూ దగ్గరగా చూసినవాడు. ఆ సంస్థ చెడ్డదని నేననడం లేదు. లెక్కలు రాసేవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో తెలిసినవాడే కర్మ సిద్ధాంతాన్ని ఇలా కార్యాలయంగా మార్చి ఊహించగలడని మాత్రం నా అనుభవంతో చెప్పగలను. సంతకం ఆగిపోయినందుకు పింఛను రాక నా బల్ల ముందు నిలబడ్డ ముసలివాళ్ల ముఖాలు ఈ అధ్యాయం చదువుతున్నంతసేపూ నా కళ్లముందే ఉన్నాయి.

పాతపుస్తకాల_అంగడి
రికార్డురూము గారు రాసినది చదివాక ఆ రెండో అధ్యాయం నాకు కొత్తగా కనబడుతోంది. మనలో చాలామంది దాన్ని కథలోకి వెళ్లడానికి మెట్టుగా చదివి దాటేస్తారు.

చైత్యభూమి_దారి
గోదావరి_గట్టు గారి మొదటి ప్రశ్నకు నవల బయట నుంచి ఒక జవాబు చెప్పాలనుకుంటున్నాను. పుట్టుకతో వచ్చిన హెచ్చుతగ్గులను దేవుడి పేరుతో స్థిరపరచిన వ్యవస్థను ఎదిరించడానికి బౌద్ధాన్ని ఎంచుకోవడం మనకు ఊహాజనితమైన కథ కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించారు. ఆ నిర్ణయంలో రాజకీయం ఉంది, తిరుగుబాటు ఉంది. అయితే అంబేడ్కర్ దాన్ని పైన కప్పుకునే దుప్పటిలా వాడుకోలేదు. ఏళ్ల తరబడి చదివి, వాదించి, తనకు ఒప్పుదల కాని అంశాలను పక్కనపెట్టి, ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’ గ్రంథం రాసి, ఆ తరువాతే కన్నుమూశారు. ఆ గ్రంథం 1957లో వెలువడింది.

మా తాతగారి తరంలో మా ఇంట్లో ఆ దారి పట్టినవారున్నారు. కాబట్టి సామ్‌ను చూసినప్పుడు నాకు కలిగేది కోపం కాదు, జాలి. అధికారాన్ని కూల్చడానికి బుద్ధుడు పనికివస్తాడని కనిపెట్టగలిగినవాడు, ఆ బుద్ధుడు తనకు కూడా ఏమైనా ఇస్తాడేమోనని ఒక్కసారి కూడా చేయి చాపలేదు. నమ్మకానికీ తిరుగుబాటుకూ ఒకే మనిషిలో చోటుంటుందని ఈ దేశంలో పుట్టినవాళ్లకు తెలుసు. జెలాజ్నీ ఆ రెండింటినీ సామ్‌కు, రిల్డ్‌కు చెరొకటి పంచి ఇచ్చాడు. నవలలో నాకు కనబడే లోటు అది.

మైత్రి_కృష్ణలంక
చైత్యభూమి_దారి గారూ, ఈ మాట నేను ఇంతవరకూ ఏ సమీక్షలోనూ చదవలేదు. ఒక్క చోట మాత్రం విభేదిస్తాను. సామ్ చేయి చాపలేదని అనలేం. మొదటి అధ్యాయంలో మేఘంలోంచి తిరిగి వచ్చాక అతడు చాలాకాలం మౌనంగా ఉంటాడు. అక్కడ అనుభవించినదాన్ని వదిలి రావడం అతడికి ఇష్టం లేదు. దేవుళ్లు శిక్షగా ఇచ్చిన నిర్వాణం అతడిని నిజంగానే తాకింది.

చైత్యభూమి_దారి
ఆ మౌనం గురించి నేను మళ్లీ చదవాలి.

వేమన_వీధి
అందరూ మతం గురించి మాట్లాడుతున్నారు, అచ్చుయంత్రం గురించి ఎవరూ మాట్లాడలేదు. స్వర్గంలో రెండు పక్షాలున్నాయి. జనానికి యంత్రజ్ఞానం ఇచ్చేయాలనే యాక్సిలరేషనిస్టులది ఒక పక్షం, వాళ్లింకా దానికి సిద్ధంగా లేరంటూ శతాబ్దాలు దొర్లించేవారిది రెండో పక్షం. కింద ఎవడైనా అచ్చుయంత్రం లాంటిది మళ్లీ కనిపెడితే పైనుంచి వచ్చి దాన్ని నాశనం చేస్తారు. కీన్‌సెట్ పట్టణం మీద దేవుళ్లు అంత పెద్ద దండు తీసుకురావడానికి కారణం కూడా అక్కడి జనం సొంతంగా నేర్చుకోవడం మొదలుపెట్టడమే.

తెలుగువాళ్లకు ఇది సులభంగా అర్థం కావాలి. రాతిబొమ్మకు మొక్కడాన్ని, కులాన్ని, దొంగ గురువులను నిలదీసిన వేమన పద్యాలు చాలాకాలం జనం నాలుకల మీద, తాటాకుల మీద బతికాయి. సి.పి. బ్రౌన్ వాటిని పోగుచేయించి, పాఠాలు సరిచూసి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించాడు. ఒక పద్యం ఒక ఊళ్లో ఒకడికి తెలిసి ఉండటం వేరు, అదే పద్యం ఒకే పాఠంతో ఎన్నో ఊళ్లలో ఒకేసారి చదవడానికి దొరకడం వేరు. నవలలోని దేవుళ్లకు ఈ తేడా తెలుసు. వాళ్లు ముందు భయపడింది బోధకు కాదు, బోధ ఎన్ని చేతుల్లోకి వెళుతుందన్నదానికి.

“వాళ్లింకా సిద్ధంగా లేరు” అన్న మాట మాత్రం నవల మూసేశాక కూడా నా చెవిలోంచి పోవడం లేదు. చదువు అందనివాళ్ల గురించి ఈ మాటను మంచివాళ్లనుకున్న మనుషుల నోట కూడా విన్నాను.

నల్లరేగడి
వేమన_వీధి గారి చివరి వాక్యాలు అక్షరసత్యం. ఆ రెండో పక్షంలో దుర్మార్గులు మాత్రమే ఉన్నట్లు రాసి ఉంటే ఈ నవల ఇంతకాలం నిలిచేది కాదు.

మన్యం_బాట
మాది ఏజెన్సీ ప్రాంతం. ఈ చర్చలో ఇంతవరకూ రాకాషల పేరు రాకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఆ గ్రహం అసలు వాళ్లది. దేహాలు వదిలి జ్వాలల రూపంలో బతికే ఆ జాతిని, వచ్చిన మనుషులు ఓడించి, రాక్షసులని పేరు పెట్టి, పాతాళంలో బంధించారు. బంధించినవాడు ఎవరో కాదు, సామ్. తరువాత తనకు సైన్యం కావలసి వచ్చినప్పుడు వెళ్లి తలుపు తెరిచినవాడూ సామే. అక్కడ రాకాషల నాయకుడు తారక అతడి శరీరాన్ని ఆక్రమించుకుని కొంతకాలం ఏలుకోవడం నాకు కథలో అతి న్యాయమైన ఘట్టంగా అనిపించింది. తన శరీరం మీద తనకు హక్కు లేకపోవడం ఎలా ఉంటుందో సామ్‌కు అప్పుడు తెలిసింది.

దేవుళ్లు జనానికి ఏమి బాకీ ఉన్నారన్నదే అందరూ అడుగుతున్నారు. ఆ జనమంతా కలిసి రాకాషలకు ఏమి బాకీ ఉన్నారని నవల అడగవలసినంత గట్టిగా అడగలేదు. మా దగ్గర బయటివాళ్లకు భూమి బదలాయించకూడదని 1970 నుంచి 1/70 చట్టం ఉంది. అది ఉండగానే ఎన్ని ఎకరాలు చేతులు మారాయో చూస్తూ పెరిగినవాడికి ఈ మౌనం చిన్న విషయంగా కనబడదు.

రాతిమెట్లు
మన్యం_బాట గారి మాటకు తోడుగా మరో మౌనం గురించి చెబుతాను. ఇప్పుడు పురుషదేహంలో ఉన్న బ్రహ్మ ఒకప్పుడు స్త్రీ. ఎవరైనా ఏ దేహంలోకైనా వెళ్లగలిగే ఆ లోకంలో స్త్రీ పురుషుల బంధాలు ఎన్ని రకాలుగా మారాలి! నవలలో అవి 1967 నాటి అమెరికన్ గదుల్లో ఉన్నట్టే ఉన్నాయి. బ్రహ్మలోని ఆ గతాన్ని రచయిత లోతుగా చూడకుండా, అతడిని ఎద్దేవా చేయడానికి మాత్రమే వాడుకున్నాడు. కాళి ఒక్కతే తన ఇష్టంతో నడిచే స్త్రీ. ఆమెకు ఇచ్చిన ముగింపు చదివి నేను పుస్తకం కాసేపు పక్కన పెట్టాను. అధికారం గురించి ఇంత నిశితంగా చూసిన రచయిత, ఇంట్లోని అధికారాన్ని చూడలేదు.

తూరుపుగాలి
రాతిమెట్లు గారూ, నేను పేర్ల దగ్గరే ఆగిపోయి ఇది గమనించలేదు. కాళి ముగింపు మీరు చెప్పాక ఎక్కువ బాధిస్తోంది.

ఎడారి_గాలి
దీనికి రెండేళ్ల ముందు, 1965లో వచ్చిన ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’తో పోల్చి చూడటం అవసరమని నాకనిపిస్తుంది. అందులో బెనె గెసెరిట్ అనే స్త్రీల సంఘం, ఎప్పుడైనా తమవాళ్లకు ఆపద వస్తే అక్కరకు వస్తాయని, గ్రహగ్రహానికీ వెళ్లి రక్షకుడు వస్తాడన్న కథలను ముందుగానే నాటి ఉంచుతుంది. ఆ నవల నాయకుడు పాల్ ఎడారిలోకి పారిపోయినప్పుడు ఆ కథే అతడిని కాపాడుతుంది, ఆ కథే అతడి పేరు మీద కోట్ల మందిని చంపే మతయుద్ధంగా మారుతుంది. 1969లో వచ్చిన రెండో నవల అంతా ఆ పర్యవసానం గురించే. గోదావరి_గట్టు గారు సామ్‌ను అడిగిన ప్రశ్నను హెర్బర్ట్ తన నాయకుడిని తానే అడిగాడు. జెలాజ్నీ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చి, కథను మరోవైపు తిప్పుకున్నాడు. సామ్ పేరు మీద తరువాతి తరాలు ఏమి చేశాయో మనకు తెలియదు.

మైత్రి_కృష్ణలంక
పూర్తిగా తిప్పుకోలేదు. సామ్ చివరికి ఎటు వెళ్లాడన్నదాని మీద నవల ఒక్క మాట చెప్పి ఊరుకోదు, వేర్వేరు కథనాలను పక్కపక్కన పెడుతుంది. అప్పటికే అతడి జీవితం జనం చేతిలో పురాణంగా మారిపోయిందని దాని అర్థం. మీరన్న ప్రమాదం ఆ చివరి పుటల్లో ఉంది, రక్తపాతంతో కాకుండా.

పాతపుస్తకాల_అంగడి
ఈ నవల బయట జరిగిన సంగతి ఒకటి ఇక్కడివారికి ఆసక్తిగా ఉంటుంది. 1979 ప్రాంతంలో దీన్ని సినిమాగా తీయాలని ప్రయత్నించారు, కామిక్స్ చిత్రకారుడు జాక్ కిర్బీ చేత సెట్ల నమూనా చిత్రాలు కూడా గీయించారు. సినిమా ఆగిపోయింది. టెహ్రాన్‌లో చిక్కుకుని కెనడా దౌత్యవేత్తల ఇళ్లలో తలదాచుకున్న ఆరుగురు అమెరికన్లను తప్పించడానికి సీఐఏ ఆ స్క్రిప్టునే ‘ఆర్గో’ అని పేరు మార్చి, వాళ్లంతా చిత్రీకరణ స్థలాలు వెతకడానికి వచ్చిన సినిమావాళ్లని చెప్పి, 1980 జనవరిలో బయటికి తీసుకువచ్చింది.

నల్లరేగడి
అయితే గోదావరి_గట్టు గారి ప్రశ్నకు ఇది కూడా ఒక ఉదాహరణే. ఆ అబద్ధం ఆరు ప్రాణాలు కాపాడింది.

గోదావరి_గట్టు
నల్లరేగడి గారూ, ఆ ఆరుగురికీ తాము చెబుతున్నది అబద్ధమని తెలుసు. నా అభ్యంతరం అంతా తెలియనివాళ్ల గురించే. మన్యం_బాట గారు, రాతిమెట్లు గారు రాసినవి చదివాక నా అభ్యంతరం బలపడింది. రాకాషలను బంధించినప్పుడు, విడిపించినప్పుడు, భిక్షువులకు బోధించినప్పుడు సామ్ చేసిన పని ఒక్కటే. ఎదుటివారికి తెలియవలసినది ఎంతో తానే నిర్ణయించాడు. స్వర్గంలోని రెండో పక్షం కూడా చేసింది అదే. రిల్డ్ గురించిన నిజం అతడు యముడికి చెప్పాడు సరే. ఊదారంగు చెట్ల తోపులో తనను నమ్ముకుని కూర్చున్న భిక్షువులకు చెప్పినట్టు నాకు ఎక్కడా కనబడలేదు. ఎవరికైనా కనబడి ఉంటే ఏ ఘట్టమో రాయండి.

మైత్రి_కృష్ణలంక
అలాంటి ఘట్టం నాకూ గుర్తు లేదు. మూడో అధ్యాయం ఈ రాత్రి మళ్లీ చదువుతాను. కానీ ఆ భిక్షువులు రిల్డ్‌ను రోజూ దగ్గరగా చూశారు, అతడికి జ్వరం వచ్చినప్పుడు సేవ చేసింది వాళ్లే. ఎవరు ఎవరో వాళ్లకు సామ్ చెబితేనే తెలుస్తుందని అనుకోవడం కూడా, సామ్ లాగే, వాళ్లను తక్కువగా అంచనా వేయడం అవుతుందేమో ఆలోచించండి.